ఒకే దగ్గుకి రెండు తీర్పులు

పోయినవారం అప్పలనర్సమ్మని బరంపురంలో ఓ ల్యాబు గదిలో, ఫోను చెవికి ఆనించుకుని కూర్చుని ఉండగా వదిలిపెట్టాం. కథ నడుమలో చేరినవాళ్ల కోసం అంతదాకా జరిగిన సంగతి ఇదీ.

అప్పలనర్సమ్మది సోనేపూర్‌లో ఎండుచేపల వ్యాపారం. గోపాలపూర్ దారిలో కొత్తగా పెట్టిన రొయ్యల కంపెనీకి తమ ఊరి ఆడవాళ్లని రొయ్యలు ఒలిచే పనికి కుదిర్చింది ఆవిడే. కంపెనీవాళ్లు ఒక షరతు పెట్టారు. పనిలో చేరే ప్రతి మనిషీ ముందు ఓ ఫోన్లోకి దగ్గాలి. అందులోని కృత్రిమ మేధ ఆ దగ్గు విని, ఛాతీలో క్షయ ఉందో లేదో చెబుతుంది. ఆకుపచ్చ గుర్తు వస్తే పనికి. ఎర్రగుర్తు వస్తే ఇంటికి. అందరికీ పచ్చ వచ్చింది. సీతాలు ఒక్కదానికే ఎరుపు వచ్చింది.

పని పోతే ఇంకో పని దొరుకుతుంది. కానీ ఆ ఎర్రగుర్తు సంగతి తెలిసిన రోజే సీతాలు అత్త గురువమ్మ, పాలు తాగే పిల్లాణ్ణి కోడలి ఒళ్లోంచి తీసేసుకుంది. సీతాలు మొగుడు గంగన్న మంగుళూరు బోట్ల మీద ఉన్నాడు. అడ్డు చెప్పేవాళ్లు లేరు. కోడలికి పెరటిపాకలో వేరే చాప, వేరే కంచం. పిల్లాడికి సీసా పాలు. వాడు ఏడిస్తే తల్లి గుమ్మంలోంచి చూడటమే. సీతాలు కాళ్లావేళ్లా పడితే అప్పలనర్సమ్మ బరంపురం వచ్చింది. ఆ దగ్గు మిషను నడిపే డాక్టరు వెంకటరమణమూర్తి, నమ్మకం కుదరాలని, సీతాలు పేరున రికార్డయిన దగ్గు వినిపించాడు.

ఆ దగ్గు సీతాలుది కాదు. గురువమ్మది.

సోనేపూర్ ఇసుకలో తిరిగిన ఎవరికైనా ఆ దగ్గు తెలుసు. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరగానే చేపల వేలం మొదలవుతుంది. వేలాన్ని వాళ్లు పాట అంటారు. ఆడవాళ్లందరి తరఫునా పాట పాడేది గురువమ్మ ఒక్కతే. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ చుట్టని బయటికి తీసి, పొడిపొడిగా దగ్గి, ఖంగుమని గొంతు సవరించి, అప్పుడు ధర అందుకుంటుంది. ఆ దగ్గు వినబడిందంటే బేరగాళ్లు బీడీలు పారేసి దగ్గరికి చేరతారు. అప్పలనర్సమ్మ ముప్పయ్యేళ్ల వ్యాపారం ఆ దగ్గుతోనే రోజూ మొదలైంది.

"విన్నారుగా," అన్నాడు డాక్టరు.

"ఇన్నాను బాబూ. మళ్లీ వస్తాను," అంది అప్పలనర్సమ్మ.

సరుకులో లోపం కనబడిన క్షణంలోనే కేకలు పెట్టేవాళ్లు వ్యాపారానికి పనికిరారు. ఆ లోపం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో పుట్టింది, దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఇవి తేల్చుకున్నాక నోరు విప్పాలి. గిరిసోల మీదుగా ఊరికి తిరిగి వెళుతూ బస్సులో ఆవిడ చేసుకున్న లెక్క అదే. కోడల్ని వదిలించుకోవడానికి గురువమ్మ చేసిన పన్నాగమా? ఆ లెక్క ఎటు తిప్పినా సరిపోలేదు. మోసం చేసేవాడికి లాభం ఉండాలి. సీతాలు కడుపుతో ఉన్నన్నాళ్లూ దాని కాళ్లకి నూనె రాసింది గురువమ్మే. ఈ వయసులో చంటిపిల్లాణ్ణి నెత్తినేసుకుని, నిద్ర చెడి, సీసాలు కడుక్కుంటూ ఆవిడ బావుకున్నదేమిటి?

మర్నాడు పొద్దున్న తిన్నగా ఒడ్డుకే వెళ్లింది. పాట అప్పుడే ముగిసింది. ఆడవాళ్లు నెత్తళ్ల చేపలు గంపల్లోకి పంచుకుంటున్నారు. గురువమ్మ చంకలో మనవడు. వాడికి చనిపోయిన తాత పేరే పెట్టారు, పైడయ్య అని. మొగుడి పేరు నోటితో పలకకూడదు కనక గురువమ్మ వాణ్ణి 'మావా' అని పిలుస్తుంది.

"ఏటొదినా, డాక్టరేటన్నాడు?" అంది గురువమ్మ. "కోడలికి మందులేవైనా రాసినాడా?"

"సీతాలు దగ్గు ఇనిపించినాడు."

"ఊఁ."

"సీతాలు దగ్గులో నీ గొంతున్నాదేటొదినా?"

తడబడుతుందనుకుంది. లేకపోతే కయ్యానికి దిగుతుందనుకుంది. గురువమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

"ఉండదేటి మరి? దగ్గింది నానే గదా!"

"కోడలికి బదులు నువ్వు దగ్గినావా?"

"కోడలికేటి, అందరికీ నానే దగ్గినాను. ముత్యాలుకి, కూర్మమ్మకి, సిట్టమ్మకి, అందరికీ. ఆళ్లకి దగ్గు రాదొదినా! సూరన్న బాబు దగ్గండి దగ్గండి అంటే ఊరికే ఎలగొత్తాది? ముత్యాలు దగ్గబోయి నవ్వీసింది. సిట్టమ్మకి ఎక్కిళ్లొచ్చినాయి. నాకైతే చుట్ట దగ్గు సంచీలో ఉన్నట్టే ఉంటాది, తీస్తే వచ్చీద్ది."

గంపల దగ్గరున్న ముత్యాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ నవ్వింది.

సంగతి మెల్లగా బయటికొచ్చింది. కంపెనీ మేస్త్రీ సూరన్న ముందు, తోడుగా తనూ పేరిచ్చిన గురువమ్మతో సహా, ఒక్కొక్కరినీ ఎదుట నిలబెట్టుకుని వయసెంత, బరువెంత, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని అడిగి ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఆ జవాబులు ఎవరివి వాళ్లే చెప్పుకున్నారు. దగ్గే వేళకి మాత్రం, ఆడవాళ్లు మొహమాటపడుతున్నారని, ఫోను వాళ్ల చేతికే ఇచ్చి తను వలలపాక అవతలికి వెళ్లి నిలబడ్డాడు. మర్యాదస్తుడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

"ఒకరి దగ్గు ఇని ఇంకొకరి జబ్బు సెప్పడానికి దానికేటి దివ్యదృష్టి ఉందా ఒదినా?" అంది అప్పలనర్సమ్మ.

"అదేటలా అడుగుతావు? పాట పాడినప్పుడు గొంతు ఎవులిది? నాది. గంప ఎవులిది? ఆళ్లది. గంపలో సేప కుళ్లితే నా గొంతులో ఎతుకుతారేటి? ముందు పేరు నొక్కి, తరవాత దగ్గినాం. ముత్యాలు పేరు మీద దగ్గితే అది ముత్యాలు దగ్గే." గురువమ్మ పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. ఆవిడ గొంతులో ఎగతాళి పోయి భక్తిలాంటిది వచ్చింది. "అది ఎంత తెలివైందో నువ్వే సూడు. నాను దగ్గినా గానీ సీతాలు జబ్బుని ఇట్టే పట్టీసింది! మీ అన్నయ్య ఉన్నప్పుడు ఇలాటిది ఒకటుంటేనా... ఆయన దగ్గుతా దగ్గుతా ఏడాది తిరిగినాడు. ఉబ్బసమన్నారు, పైత్యమన్నారు. కనిపెట్టీసరికి మనిషే లేడు. అందుకే ఇది ఎరుపు అనగానే గుంటణ్ణి లాగీసుకున్నాను. నన్ను రాక్షసి అననీ. నా మావ బతకాల."

అప్పలనర్సమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మోసం అనుకుని వచ్చింది. ఇక్కడ చూస్తే మోసం లేదు, కుట్ర లేదు. ఉన్నదంతా నమ్మకమే. అడ్డూ ఆపూ లేని నమ్మకం.

కానీ ఆవిడ మనసు ఏడుపు దగ్గర ఎక్కువసేపు ఆగే రకం కాదు. మాటల మధ్యనే లెక్క మొదలైపోయింది. గొంతు ఒకటే. దగ్గు ఒకటే. ఒక పేరు మీద ఎరుపు వచ్చింది, మిగతా పేర్లన్నిటి మీదా పచ్చ వచ్చింది. ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చింది?

ఎదురుగా ఉన్న నెత్తళ్ల గంప మీద చెయ్యి వేసింది. "ఒదినా, ఈ గంప కాటా ఎక్కించినాననుకో. నీ పేరు సెప్తే ఒక తూకం, నా పేరు సెప్తే ఇంకో తూకం సూపించింది. అలాటి కాటాని ఏటి సేత్తావు?"

"సముద్రంలోకి ఇసిరీత్తాను."

"మరి ఈ మిషను సేసిందేటి?"

"మిషను కాటా కాదొదినా," అంది గురువమ్మ. "అది డాక్టరు సదువు సదివింది."

"సదివినోళ్లు తప్పు తూకం తుయ్యరేటి?"

ఇప్పుడు ముత్యాలు నవ్వడం లేదు. "పిన్నీ, ఇది పైకి పొక్కితే మా అందరి పనీ పోద్ది. ఒక్క సీతాలు కోసం అందర్నీ ముంచీత్తావా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు.

"మిమ్మల్ని పనిలో ఎట్టింది నాను. నిలబెట్టుకోడం కూడా నా పనే," అంది అప్పలనర్సమ్మ. ఆవిడ గొంతులో బెరుకు లేదు. "ఒట్టి పచ్చగుర్తు పట్టుకుని మీరు అక్కడ భుజం భుజం రాసుకుని కూకుంటున్నారు. మీలో ఒక్కర్తి ఛాతీ అయినా ఎవులైనా సూసినారేటి? ఎరుపు అబద్ధమైతే మీ పచ్చ నిజమని ఎవులు సెప్పినారు?"

గంపల చుట్టూ ఆడవాళ్లు ఒకరికొకరు కాస్త ఎడంగా జరిగారు.

ఆవిడ గురువమ్మ వైపు తిరిగింది. "బేరం ఆడుకుందాం రా. రేపు నాతో బరంపురం రా. డాక్టరు ఎదర కూకుని దగ్గు. ఓపాలి సీతాలు పేరున, ఓపాలి నీ పేరున. రెండిటికీ ఒకే గుర్తు వచ్చిందనుకో, మిషనుది నిజం, నాను మళ్లీ మీ కోడలి ఊసెత్తను. గుర్తులు మారినాయనుకో, మిషను మాట నీటిమూటే. గుంటణ్ణి అక్కడికక్కడే తల్లి ఒళ్లో ఎట్టాల."

పాట పాడేవాళ్లకి పందెమంటే నెత్తురు పొంగుతుంది. గురువమ్మ చెయ్యి చాపి అప్పలనర్సమ్మ అరచేతిలో ఫెళ్లున కొట్టింది. "ఠిక్ అఛి!" అంది ఒడియాలో. "సరే, రేపే."

మర్నాడు బస్సులో ముందు సీట్లో గురువమ్మ, ఆవిడ మెడ వంపులో తల దాచుకుని పిల్లాడు. వెనక సీట్లో, కిటికీ పక్కన, ముక్కుకీ నోటికీ కొంగు చుట్టుకుని సీతాలు. దారి పొడుగునా దాని చూపు పిల్లాడి నెత్తి మీంచి కదల్లేదు. వాడు ఒకసారి వెనక్కి తిరిగి తల్లిని చూసి చేతులు ఊపాడు. సీతాలు చేతులు లేచాయి. అత్త పిల్లాడి తల మళ్లీ భుజం మీదికి వంచుకుంది. నడుమ సీట్లో కూర్చున్న అప్పలనర్సమ్మ ఇదంతా చూసి, పెందరాళే ఈ లెక్క తేల్చెయ్యాలి, అనుకుంది. గెలుస్తానన్న ధీమా ఆవిడకి నిండుగా ఉంది.

ల్యాబు దగ్గర సీతాలు లోపలికి రానంది. వరండాలో బెంచీ మీద ఓ చివర కూర్చుంది.

వెంకటరమణమూర్తి బరంపురంలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంకా నలభై దాటలేదు. జరిగింది వినగానే మొహం ఎర్రబడింది. "ఒకరి బదులు ఒకరు దగ్గడమేమిటమ్మా? ఇది మోసం కాదా? మీ ఊరి రిపోర్టులన్నిటి కిందా నా సంతకం ఉంది!"

"తరవాత కోప్పడుదురుగాని బాబూ. ముందు దీన్ని దగ్గించండి," అంది అప్పలనర్సమ్మ.

డాక్టరు ఫోను తీసి సీతాలు వివరాలు పైకి తెచ్చాడు. గురువమ్మ పిల్లాణ్ణి ఒళ్లో సర్దుకుని, పాటకి ముందు దగ్గినట్టే దగ్గింది. ఫోను కాసేపు ఆలోచించింది. ఎరుపు.

ఇప్పుడు గురువమ్మ వివరాలు తెచ్చాడు. అదే మనిషి, అదే కుర్చీ, అదే దగ్గు. పచ్చ.

గురువమ్మ కళ్లు పెద్దవయ్యాయి. అప్పలనర్సమ్మ వెనక్కి ఆనుకుని కూర్చుంది. సగం పని అయిపోయింది. "సూసినారా డాక్టరు బాబూ? ఇలాటి కాటా బజార్లో ఎడితే జనం ఏటి సేత్తారు?"

వెంకటరమణమూర్తి ఏమీ తొట్రుపడలేదు. "ఇది కాటా కాదు నర్సమ్మగారూ. దగ్గు ఒక్కటే వినదు. మనిషి ఎవరో కూడా చూస్తుంది. సీతాలు బరువు తక్కువ. ఇంట్లో మామగారు క్షయతో పోయారని చెప్పింది. ఆ రెండూ కలిపి లెక్క వేసింది. మీరు చేప కొనేటప్పుడు ఒట్టి చేపనే చూస్తారా? ఏ పడవది, ఎన్నాళ్ల వేట, ఐసు వేశారా లేదా అని అడగరూ?"

"అడుగుతాను."

"మరి మిషను అడిగితే తప్పొచ్చిందా?"

మంచి మాటే అన్నాడు. అప్పలనర్సమ్మ కాదనలేదు. మంచి బేరగాడు ఎదురైతే ఆవిడకి ఉత్సాహం హెచ్చుతుంది. "అడుగుతాను గానీ, అడిగి ఊరుకోను బాబూ. మొప్ప ఎత్తి సూత్తాను. లోపల ఎర్రగా ఉందా, నల్లబడిందా అని. పడవ పేరు ఇని సేపని పారీసేదాన్నయితే ఈపాటికి దుకాణం మూసుకుందును. మీ మిషను సీతాలు మొప్ప ఎత్తిందా?"

డాక్టరు ఫోను కేసి చూసుకున్నాడు. "మొప్ప ఎత్తడమంటే కఫం పరీక్ష. మిషను చెప్పిందీ అదే. అనుమానం ఉంది, కఫం పరీక్ష చేయించండి అంటుంది లోపల. అంతకుమించి ఎప్పుడూ అనలేదు."

"మరి ఎరుపెక్కణ్ణించి వచ్చింది?"

"కంపెనీవాళ్లు అడిగారు. గేటు దగ్గర నిలబడే మనిషికి అంత చదివే తీరిక ఉండదు, రెండు రంగుల్లో ఇమ్మన్నారు. ఇచ్చాం."

"అంటే మిషను అనుమానం అంటే, మీరూ ఆళ్లూ కలిసి దాన్ని తీర్పు సేసీనారు. ఇంకో మాట సెప్పండి. 'ఇంట్లో జబ్బుందా' అంటే సీతాలు ఉన్న మాట సెప్పింది. దాని అత్తదీ అదే ఇల్లు గదా. ఈవిడ పేరున ఏటుంది?"

డాక్టరు చదివాడు. "ఇంట్లో ఎవరికీ లేదు, అని ఉంది."

గురువమ్మ తల దించుకుంది. "ఆయన జబ్బు పేరు పదిమందిలో ఎలగ సెప్తాను?" అని గొణిగింది.

"నిజం సెప్పినదానికి ఎరుపు. దాసినదానికి పచ్చ," అంది అప్పలనర్సమ్మ. "ఒదినా, పందెం అయిపోయింది. గుంటణ్ణి బయట తల్లికిచ్చీ."

గురువమ్మ కాదనలేదు. మాట ఇస్తే తప్పే మనిషి కాదు ఆవిడ. నిద్రపోతున్న పిల్లాడి వీపు మీద చెయ్యేసి, కుర్చీలోంచి లేవబోయింది.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా," అన్నాడు డాక్టరు. కోపం పోయింది అతని గొంతులో. రోగి ముందు కూర్చున్న డాక్టరు గొంతు అది. "నర్సమ్మగారు అన్నది నాకు నచ్చింది. పేరూ ఊరూ బట్టి తూకం మారుతోందన్నారు. అయితే అవన్నీ తీసేద్దాం. వయసు వద్దు, బరువు వద్దు, ఇంటి సంగతి వద్దు. ఒట్టి దగ్గు. ఏ పడవదో తెలియని చేప. అప్పుడేమంటుందో నాకూ చూడాలనుంది. కానీ అది మీ దగ్గు. మీ ఛాతీ సంగతి. మీరు సరేనంటేనే. వచ్చింది వచ్చినట్టు చెప్పమంటారా?"

ఇంతవరకూ సోనేపూర్ ఆడవాళ్లని ఎవరూ 'సరేనా' అని అడగలేదు. గురువమ్మ వింతగా చూసింది. "సెప్పండి బాబూ, నాకేటి భయం? గుండ్రాయిలా ఉన్నాను. ఇప్పటికీ గంప నా నెత్తికి నానే ఎత్తుకుంటాను."

"దగ్గు ఒదినా, దాని పని కూడా పట్టీద్దాం," అంది అప్పలనర్సమ్మ హుషారుగా. మిషను ఇంకోసారి తడబడితే ఎరుపు మాట ఎవరూ ఎత్తరని ఆవిడ లెక్క.

గురువమ్మ దగ్గింది. డాక్టరు చూశాడు. ఫోను తెర ఇటువైపు తిప్పలేదు.

"ఇంకోసారి దగ్గండమ్మా."

దగ్గింది.

"ఇంకోసారి. ఫోనుకి కొంచెం దూరంగా."

దగ్గింది. ఈసారి దగ్గు ఆవిడ ఆపిన చోట ఆగలేదు. ఇంకో రెండు తెరలు వచ్చి, ఆవిడ గుండెల మీద చెయ్యి పెట్టుకుంటే గానీ తగ్గలేదు. ఒళ్లో పిల్లాడు ఉలిక్కిపడి, మళ్లీ ఆవిడ మెడలోకి మొహం దూర్చుకున్నాడు.

"ఏ రంగొచ్చింది బాబూ?" అంది అప్పలనర్సమ్మ.

"రంగులు తీసేశాను." వెంకటరమణమూర్తి ఫోను బోర్లా పెట్టాడు. గురువమ్మ కేసి తిరిగాడు. "అమ్మా, మీకు సాయంకాలాలు ఒళ్లు వెచ్చబడుతోందా?"

"ఎండలో తిరిగొచ్చిన ఒళ్లు ఎచ్చగా ఉండక సల్లగా ఉంటాదేటి?"

"రవిక వదులయిందా ఈ మధ్య?"

గురువమ్మ రవిక భుజం పైకి లాక్కుంది. ఆవిడ రవిక భుజాల మీంచి జారుతున్న సంగతి అప్పలనర్సమ్మ అప్పుడే చూసింది. రోజూ చూసే మనిషి. రోజూ వినే దగ్గు. ముప్పయ్యేళ్లుగా ఆ దగ్గు వినబడితే పాట మొదలవుతుందనుకుందే తప్ప, అదీ ఒక దగ్గేనని ఎన్నడూ అనుకోలేదు.

"మీ వివరాలు అబద్ధం, మిగతావాళ్ల వివరాలు మీవి కావు. అవి వేసినప్పుడల్లా దగ్గులో ఉన్న అనుమానం కిందికి దిగిపోయింది," అన్నాడు డాక్టరు, తూచి తూచి. "అవి తీసేస్తే దగ్గు ఒక్కటే మిగిలింది. మూడుసార్లూ ఒకే మాట అంది. మీ ఇంటి నిజం కూడా కలిపితే అనుమానం ఇంకా పెరుగుతుంది. అమ్మా, ఇది తీర్పు కాదు. నర్సమ్మగారు అన్నట్టు మొప్ప ఎత్తాకే తెలుస్తుంది. జబ్బే అయినా మందులున్నాయి, నయమవుతుంది. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి కఫం ఇవ్వండి. మీరూ, మీ కోడలూ. పిల్లాణ్ణి కూడా చూపించండి. వీడు ఎన్నాళ్లుగా మీ పక్కలో పడుకుంటున్నాడు?"



అప్పలనర్సమ్మ లెక్క మొత్తం తిరగబడింది. మిషను తప్పు తూకం వేసిందని రుజువు చెయ్యడానికి వచ్చింది. అది తూకం సరిగ్గానే వేసింది. సరుకు మీద పేరు తప్పు. తల్లి ఒంట్లో ఉందనుకుని బిడ్డని ఎక్కడ దాచారో, అనుమానం అక్కడే ఉంది. ఆవిడ లేచి నిలబడింది. "ఒదినా, లెగు. ఇప్పుడే ఎల్దాం. నాను మీతో వస్తాను. ముందు గుంటణ్ణి నీ మెడ మీంచి దించు."

గురువమ్మ అప్పటికే దించింది. మెడ వంపులోంచి వాడి మొహం మెల్లగా విడదీసి, చంకల కింద చేతులేసి, తనకి దూరంగా, చేతులు సాగినంత దూరంగా పట్టుకుంది. మొహం పక్కకి తిప్పుకుని ఊపిరి బిగబట్టింది. అలాగే నడిచి వరండాలోకి వెళ్లింది. అప్పలనర్సమ్మా డాక్టరూ వెనకాలే వెళ్లారు.

బెంచీ చివరనుంచి సీతాలు లేచి నిలబడింది.

"సీతాలూ," అంది గురువమ్మ. పిల్లాణ్ణి తీసేసుకున్న నాటినుంచి కోడల్ని పేరుపెట్టి పిలవలేదు. "నీకు ఎరుపు కాదే. ఆ దగ్గు నాది. నాలోనే ఉన్నాదంట. నీ బిడ్డని నువ్వు తీసుకో."

పిల్లాడు తల్లిని చూశాడు. రెండు చేతులూ చాపి ముందుకి దూకబోయాడు. ఇన్నాళ్లుగా ఏ క్షణం కోసం సీతాలు తిండి మానుకుందో ఆ క్షణం వచ్చి ఎదుట నిలబడింది.

సీతాలు చేతులు ముందుకి వచ్చాయి. మధ్యలో ఆగాయి. కొంగు ముక్కుకి ఇంకా గట్టిగా అదుముకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఒద్దత్తా," అంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ మాట స్పష్టంగా ఉంది. "ఆ దగ్గు నీదైతే, నాను దగ్గనే లేదు గదా. నాలో ఏటుందో ఎవులూ సూడనే లేదు. మీ ఇంట్లోనే గదా నానూ పడుకున్నాను. నాలోనూ ఉంటే?"

"అమ్మా, తల్లి పాలవల్ల..." అని డాక్టరు ఏదో చెప్పబోయాడు.

"మీరు ఎరుపన్నప్పుడూ నమ్మినాను బాబూ," అంది సీతాలు అతని వైపు చూడకుండానే. "ఇప్పుడు కాదంటే ఏది నమ్మాల?"

గురువమ్మ మళ్లీ బిగబట్టిన ఊపిరి ఆగలేక దగ్గు లోపల్నుంచి తన్నుకొస్తోంది. ఆవిడ పెదాలు గట్టిగా మూసుకుని, పిల్లాణ్ణి ఇంకా దూరంగా చాపింది. సీతాలు గోడకి ఆనుకుపోయింది. ఇద్దరి మధ్యా గాల్లో కాళ్లు తన్నుకుంటూ పైడయ్య గుక్కపట్టాడు.